ఎస్తేరు టీచర్ ఐదు గింజల పందెం

మా నాయన నాలుగు నెలలు కష్టపడి పండించిన శనగ కుప్పను నేను వానకు అప్పగించిన కథ ఇది. దొంగలు పడలేదు, నిప్పంటుకోలేదు. పేకముక్కలతో పోయింది. నన్ను ఓడించింది పేరుమోసిన జూదరి అయినా ఇంత బాధ ఉండేది కాదు. మూడో తరగతిలో నాకు ఎక్కాలు నేర్పిన ఎస్తేరు టీచర్ ఓడించింది. ఆమెకు ఆ ఆట నేర్పింది ఎవరనుకున్నారు? నేనే. ఆ పొద్దున్నే, పావుగంటలో. ఏళ్ళు గడిచినా నాకు కోపం తగ్గలేదు. ఎవరి మీద కోపం అని అడిగితే నా దగ్గర పెద్ద జాబితానే ఉంది, నిదానంగా చెప్తాను.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. నంద్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి. సంభావ్యత పాఠం వచ్చినప్పుడల్లా నా ఛాతీ రెండంగుళాలు పెరిగేది. గదిలో నాతోపాటు ఇంకో ఇద్దరు లెక్చరర్లు ఉండేవాళ్ళు, ఒకాయన తెలుగు, ఒకాయన జువాలజీ. సాయంత్రం ట్యూషన్లు అయ్యాక ముగ్గురం పోకర్ ఆడేవాళ్ళం. డబ్బులు పెట్టి కాదు, వేయించిన శనగలు పెట్టి. ఓడినవాడు ఆకలితో పడుకునేవాడు, గెలిచినవాడు కడుపుబ్బరంతో పడుకునేవాడు. ఎక్కువ రోజులు ఉబ్బరం నాదే. తెలుగు మాస్టారు ముక్కలు పట్టుకొని పద్యం గుర్తు చేసుకునే రకం. జువాలజీ మాస్టారు ఏ ముక్క వచ్చినా మొహంలో చూపించేసేవాడు. ఆ ఇద్దరినీ గెలిచి, నంద్యాల మొత్తానికి నేనే మొనగాణ్ణని తీర్మానించుకున్నాను.

ఆట తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటల్లో చెబుతాను. ఒక్కొక్కరికి రెండు ముక్కలు పంచుతారు, అవి దాచుకోవాలి. తర్వాత మధ్యలో మూడు ముక్కలు అందరికీ కనబడేలా పరుస్తారు. దాన్ని ఫ్లాప్ అంటారు. అది చూసి పందెం వేస్తారు. తర్వాత నాలుగో ముక్క, ఆ తర్వాత ఐదోది, ప్రతిసారీ మళ్ళీ పందెం. అవతలివాడు పెట్టినంత మనమూ పెట్టి కలపొచ్చు, పెంచొచ్చు, లేదా ముక్కలు పడేసి వదిలేయొచ్చు. చేతిలోవి, కిందవి కలుపుకొని ఎవరివి పెద్దవైతే వాళ్ళది గెలుపు. ఒకేలాంటివి రెండుంటే జత, మూడుంటే ఇంకా గొప్ప. అయితే కిటుకంతా ముక్కల్లో లేదు, వరసలో ఉంది. ముందు మాట్లాడేవాడు పాపం గుడ్డిగా మాట్లాడతాడు. చివర మాట్లాడేవాడు అవతలివాడు ఏం చేశాడో చూసుకొని చేస్తాడు. చివరి వంతు దొరికిందంటే సగం గెలిచినట్టే.

ఈ సంగతి నాకు చెప్పింది ఫోన్లో వీడియోలు పెట్టే ఒక గురువు. నల్ల టోపీ, నల్ల కళ్ళద్దాలు, వెనకాల నీలం లైటు. ఆయన చెప్పిన సూత్రాన్ని నోటుబుక్కులో రాసి కింద రెండు గీతలు గీసుకున్నాను. "మీరు చివర ఉన్నారు. ఎదుటివాడు ఫ్లాప్ మీద పందెం వేశాడు. భయపడకండి. చిన్న పందెం అయితే అసలు భయపడకండి. చాలాసార్లు వాడి దగ్గర ఏమీ ఉండదు, ఉన్నట్టు నటిస్తాడు. మీ చేతిలో ఏమీ లేకపోయినా కలపండి. నాలుగో ముక్కకు వాడు చల్లబడతాడు. అప్పుడు మీరు గట్టిగా వేయండి, వాడు పారిపోతాడు." ఎంత ముద్దుగా ఉందో చూడండి. ఆ మనిషి జీవితంలో ఒక్కసారి ఆళ్ళగడ్డ వైపు వచ్చి ఉంటే దీని కింద ఇంకో వాక్యం చేర్చి ఉండేవాడు. రాలేదు, చేర్చలేదు. నా కోపం జాబితాలో మొదటి పేరు ఆయనది.

ఆళ్ళగడ్డ నుంచి రుద్రవరం పోయే దారిలో మా ఊరు. ఫిబ్రవరిలో ఒక శుక్రవారం సాయంత్రం నాయన ఫోన్ చేశాడు.

"మద్దిలేటీ, రేపు మిషనొస్తాండాది. రెండో శనివారమే కదా, సెలవే కదా నీకు. మోడం చూస్తే వానొచ్చేట్లుండాది. వచ్చి నాలుగు గంపలెత్తిపో."

శనగ చెట్టు కోసి కుప్ప వేసుకున్నాక నూర్పిడి మిషన్ వచ్చేదాకా రైతుకు నిద్ర ఉండదు. ఎండ కాస్తే సరే. వాన పడితే గింజ నల్లబడుతుంది, మొలకెత్తుతుంది, కొనడానికి వచ్చినవాడు గుప్పిట్లోకి తీసుకొని చూసి మాట్లాడకుండా లేచిపోతాడు. మాది నాలుగెకరాల కుప్ప. దాని మీద కప్పడానికి మా దగ్గర ఉన్నది ఒక్క చినిగిన పట్ట. ఆ ఏడాది మా ఇంటికి ఆధారం ఆ కుప్ప ఒక్కటే. ఇది గుర్తు పెట్టుకోండి, నేను మాత్రం ఆ పొద్దున మర్చిపోయాను.

పక్క చేను ఎస్తేరు టీచర్‌ది. మా ఊరి బడిలో ఒకటి నుంచి ఐదు దాకా సగం ఊరికి ఆమే చదువు చెప్పింది. రిటైరయ్యాక రెండెకరాలు సొంతంగా సేద్యం చేస్తోంది. భర్త పోయాడు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు చేను. మిషన్ కోయిలకుంట్ల ఖాసిమన్నది. ఆయన ఆ ఒక్క రోజే మా ఊళ్ళో ఉంటాడు, మర్నాడు ఇంకో ఊరికి మాట ఇచ్చేశాడు. ఉదయం ఎవరి కుప్ప మొదలుపెడితే వాళ్ళ గింజ ఇంట్లో పడ్డట్టే. రెండోవాళ్ళు ఆకాశం వైపు చూస్తూ కూర్చోవాలి.

శనివారం ఏడు గంటలకల్లా కళ్ళం దగ్గర నలుగురం చేరాం. నాయన, నేను, టీచర్, ఖాసిమన్న. తూర్పున కొండల మీద మబ్బు పట్టి ఉంది.

"మీరిద్దురూ నాకు కావల్సినోళ్ళే," అన్నాడు ఖాసిమన్న. "ఎవురు ముందు, ఎవురు ఎనక అని నా నోటితో చెప్పను. రెండు చీటీలు రాసినా, ఒకటి తీయండి. నేను బెల్టు మార్చుకోవల్ల, అరగంట పడ్తాది."

"టీచరమ్మ తీస్తాదిలే," అన్నాడు నాయన.

ఇక్కడ నోరు మూసుకొని ఉంటే ఈ కథే లేదు. చీటీ తీస్తే మా గెలుపు సగానికి సగం. సంభావ్యత చెప్పే లెక్చరర్ని, నాయన పంటను సగానికి సగం మీద ఎలా వదిలేస్తాను? అదే నేను పేక ఆడితే? నూటికి తొంభై పాళ్ళు మాదే. లెక్కలో తప్పు లేదు. లెక్క వేసిన తలకాయలో ఉంది తప్పు.

"చీటీలేంది నాయనా, గాలికి వదిలేసినట్ల," అన్నాను. "తెలివితో తేల్చుకుందాం. నా బ్యాగులో పేక ఉండాది."

"పేకాటనా?" అన్నాడు నాయన, నేను బ్యాగులోంచి పాము తీస్తానన్నట్టు.

"నేను పేక ముట్టుకోను మద్దిలేటీ," అంది టీచర్. "పాపం."

"దుడ్లు ల్యావు టీచర్. శనగ గింజలే. చెరి యాబై గింజలు పెట్టుకుందాం, ఎవురివి ముందయిపోతే వాళ్ళు ఓడినట్ల. మీరు చెప్పిన లెక్కలే ఇవి. కూడికలు, తీసివేతలు."

టీచర్ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. లెక్కలు అనగానే ఆమె మెత్తబడుతుందని నాకు తెలుసు.

"సరే, నేర్పు. ఒక మాట ముందే చెప్తాండా. నేను అబద్ధమాడను. అబద్ధమాడాల్సిన ఆటయితే ఇప్పుడే చెప్పు, లేచిపోతా."

"అవసరమే లేదు టీచర్," అన్నాను. లోపల గంతులు వేశాను. పోకర్లో అబద్ధం ఆడని మనిషి ఎదురు కూర్చుంది. ఇంతకన్నా అదృష్టం ఉంటుందా?

ఇప్పుడు నా అసలు దుర్మార్గం వినండి. నియమం ప్రకారం చివర మాట్లాడే వంతు ఒక ఆటలో నాకు వస్తే, మరో ఆటలో ఆమెకు రావాలి. నేను ఏం చేశాను? చేతులు కట్టుకున్నాను. తల కాస్త వంచాను. "టీచర్, మీరు పెద్దోళ్ళు. మీ ముందర నేను నోరు తెరిస్తే ఏం బాగుంటాది? ప్రతిసారీ మీరే ముందు చెప్పండి, నేను మీ ఎనక చెప్తా," అన్నాను.

టీచర్ కళ్ళు చెమ్మగిల్లాయి. "చూసినావా పుల్లన్నా, మర్యాద అంటే ఇది. ఇట్లాంటి పిల్లోళ్ళు యాడుండారు ఇప్పుడు," అంది. నాయన కూడా మీసం దువ్వుకున్నాడు. ఆ విధంగా నేను చివరి వంతును మర్యాద పేరు చెప్పి శాశ్వతంగా కొట్టేశాను. అంత నీచానికి దిగినవాడు కనీసం గెలవాలి కదా. వినండి.

చినిగిన పట్ట పరుచుకొని ఎదురెదురుగా కూర్చున్నాం. పావుగంటలో ఆట నేర్పాను. ఆమె రెండుసార్లు తిరిగి అప్పజెప్పింది, తప్పు లేకుండా. పంచే ముందు చెరొక గింజ మధ్యలో పెట్టాలి. పెట్టాం. మొదటి ఆట పంచాను. నాకు ఒక రాజు, ఒక నాలుగు. కింద పరిస్తే తొమ్మిది, ఐదు, రెండు. నాకు దమ్మిడీకి పనికొచ్చేది లేదు.

టీచర్ తన ముక్కలు చూసుకుంది, కిందవి చూసింది. "మద్దిలేటీ, కింద ఒక తొమ్మిది ఉండాది. నా చేతిలో ఒక తొమ్మిది ఉండాది. అది జతే కదా?"

"టీచర్, చేతిలో ఏముండాదో చెప్పకూడదు."

"చెప్తే తప్పా?"

"తప్పని కాదు, ఎవురూ చెప్పరు."

"తప్పు కానప్పుడు దాచడమెందుకు? ఐదు గింజలు పెడతాండా."

ఐదు గింజలు. చిన్న పందెం. నా తలలో నీలం లైటు వెలిగింది. ఫ్లాప్ మీద చిన్న పందెం, నేను చివర. పైగా చేతిలో ఉన్నది నోటితో చెప్పేసింది. నిజంగా తొమ్మిది ఉన్నవాళ్ళు ఎవరైనా తొమ్మిది ఉందని చెబుతారా? చెప్పిందంటే లేదన్నమాట. అమాయకురాలనుకున్నాను గానీ, ఎంత గట్టి మనిషో అని మనసులోనే మెచ్చుకున్నాను. ఐదు కలిపాను.

నాలుగో ముక్క పడింది. గురువు చెప్పిన ప్రకారం ఇప్పుడు ఆమె చల్లబడాలి.

"తొమ్మిది ఇంకా నా దగ్గరే ఉండాది," అంది టీచర్. "ఇంకో ఐదు."

చల్లబడలేదు. సరే, అయితే భయపెట్టాలి. "పదిహేను," అన్నాను గొంతు లావు చేసి.

ఆమె కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసింది. ఆ చూపు నేను మూడో తరగతిలో చివరిసారి చూశాను. "పెంచినావంటే నాకన్నా పెద్దది ఉండాల. ఉండాదా?"

"ఉండాది టీచర్."

"బడిలో, నోటుబుక్కు ఇంట్లో మర్చిపోయినా అని చెప్పేటప్పుడు ఎడమ చెవి పట్టుకుంటాంటివి. ఇప్పుడూ పట్టుకున్నావు."

నేను చెవి వదిలేశాను. ఆమె ఇంకో పది గింజలు లెక్కపెట్టి మధ్యలోకి జరిపింది. ఐదో ముక్క కూడా నాకు పనికిరాలేదు. ఆమె ముక్కలు తిప్పింది. తొమ్మిది ఉంది. ఏ తొమ్మిదని చెప్పిందో అదే తొమ్మిది.

"ఏందిరా అది," అన్నాడు నాయన. "ఆయమ్మ ముందే చెప్పింది కదా ఉందని."

"నాయనా, నువ్వు మధ్యలో మాట్లాడొద్దు. ఇది పెద్ద ఆట. ముందు కొంచెం ఓడి, ఎదుటివాళ్ళను చదవల్ల."

"చదివేదేముంది, నోటితో చెప్తాంటే."

నాయన ఐదో తరగతి దాకా చదివాడు. ఆ పూట ఆ కళ్ళంలో పోకర్ అర్థమైంది ఆయన ఒక్కడికే అని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అప్పుడు ఒప్పుకోలేదు.

రెండో ఆటలో నాకు ఒక ఐదు, ఒక పది. కింద రాజు, ఐదు, రెండు. నాకు ఐదుల జత కుదిరింది. టీచర్ మూతి విరిచింది. "నాకేమీ రాలేదప్పా. దండగ ముక్కలు. నేనేం పెట్టను, నువ్వు కావాలంటే పెట్టుకో."

పెట్టాలి కదా? ఏమీ లేదని ఆమే చెబుతోంది, నా దగ్గర జత ఉంది, రెండు గింజలు పెడితే ఆమె లేచిపోతుంది, ఆట నాది. చిన్నపిల్లాడు కూడా పెడతాడు. నేను పెట్టలేదు. ఎందుకంటే అది వల అనుకున్నాను. ఏమీ లేదందంటే ఏదో పెద్దదే ఉంది. రాజులు రెండున్నాయేమో. నేనూ చేతులు ముడుచుకొని కూర్చున్నాను. నాలుగో ముక్కకూ ఇద్దరం అంతే. ఐదో ముక్క ఆరు పడింది.

"ఆ, ఇప్పుడొచ్చింది," అంది టీచర్ సంతోషంగా. "ఆరు. నా చేతిలో ఇంకోటి ఉండాది. ఐదు గింజలు."

ఇప్పటిదాకా ఏమీ లేదని ఇప్పుడు వచ్చిందట. నేను నమ్ముతానా? కలిపాను. ఆరే.

టీచర్ గింజలు తన వైపు జరుపుకుంటూ నాకు పాఠం చెప్పడం మొదలుపెట్టింది. "లేదన్నప్పుడు నువ్వు రెండు గింజలు పెట్టుంటే నేను ముక్కలు పడేసి పోదును. ఊరికే కూర్చుంటివి, నాకు ఆరు వచ్చేదాకా. అట్ల ఎందుకు చేసినావు?"

"మీరు దాచిపెట్టుకున్నారేమో అనుకున్నా టీచర్."

"దాచిపెట్టుకునేదానికి నేనేమన్నా దొంగనా?" అంది. నిజంగానే నొచ్చుకుంది.

రెండు ఆటల్లో ఆమెకు అర్థమైన ఆట నాకు రెండేళ్ళలో అర్థం కాలేదు. ఆ తర్వాత ఒక ఆటలో నాకు నిజంగానే పెద్ద ముక్కలు పడి ఏడెనిమిది గింజలు తిరిగొచ్చాయి. మొత్తం ముప్పై అయ్యాయి. అది ముక్కల పుణ్యం, నేను మాత్రం నా సూత్రం ఇప్పుడిప్పుడే పట్టాలెక్కుతోందనుకున్నాను. మిషన్ కింద నుంచి ఖాసిమన్న తల బయటపెట్టి, "నిదానంగా ఆడుకోండి, బెల్టు ఇంకా పావుగంట పడ్తాది," అన్నాడు. అంటే తొందరేమీ లేదు. ఇదీ రాసుకోండి.

తర్వాతి ఆట. నాకు ఒక ఆసు, ఒక రాణి. కింద రాణి, ఏడు, ఏడు. రాణుల జత నా చేతిలో, పైన ఆసు. టీచర్ కళ్ళద్దాలు సరిచేసుకొని, కింద ముక్కల మీద వేలు పెట్టి లెక్కపెట్టింది.

"మద్దిలేటీ, కింద ఏడు రెండుసార్లు పడింది. నా చేతిలో ఇంకో ఏడు ఉండాది. మొత్తం మూడు. ఐదు గింజలు పెడతాండా. నువ్వు వదిలేసుకో నాయనా. ఊరికే పోగొట్టుకుంటావు."

వదిలేసుకో అట. ఇక్కడ నా మెదడు ఎలా పనిచేసిందో చెబుతాను, మా కాలేజీ పిల్లలు ఎవరూ చదవకపోతే బాగుండు. మూడు ఏడులున్న మనిషి ఐదు గింజలు పెడుతుందా? ఇరవై పెడుతుంది. ఐదు పెట్టిందంటే బలహీనం. వదిలేయమని బతిమాలుతోందంటే, నేను వదిలేయాలని ఆమెకు ఆశ ఉంది. ఎందుకు ఆశ? చేతిలో ఏమీ లేదు కాబట్టి. ఇంత గట్టి తర్కం నేను బోర్డు మీద కూడా ఎప్పుడూ రాయలేదు. ఆమె ప్రతిసారీ ఐదే పెట్టిందని, పొదుపుగా బతికిన మనిషి అంతకు మించి పెట్టదని నాకు తట్టలేదు.

"వదిలేయ్ రా," అన్నాడు నాయన. "ఇంకా పాతిక పైన ఉండాయి నీ దగ్గర. ఆయమ్మ ఉందంటే ఉంటాది."

ఖాసిమన్న కూడా స్పానర్ పట్టుకొని వచ్చాడు. "నా చిన్నప్పుటి నుంచి చూస్తాండా. ఆ టీచరమ్మ నోట్లో అబద్ధం వచ్చిందంటే నా మిషన్లో ముత్యాలు రాలతాయి. వదిలేయప్పా."

"మీకు మనస్తత్వం తెలీదు," అన్నాను. గింజలన్నీ రెండు చేతులతో మధ్యలోకి తోశాను.

టీచర్ మొహం వాడిపోయింది. "అన్నీ పెట్టేసినావా? నేను చెప్పింది వినలేదా? మళ్ళీ చెప్తాండా, ఏడు ఉండాది. కావాలంటే చూపిస్తా చూడు." నిజంగానే ముక్క ఎత్తి నా వైపు తిప్పబోయింది.

మీరు నమ్మరు. నేను చెయ్యి చాపి ఆ ముక్క మీద అరచెయ్యి పెట్టి కిందికి నొక్కేశాను. "చూపించకూడదు టీచర్. నియమం."

"నేను చూపిస్తానంటే నువ్వొద్దనేదేందిరా?"

"నియమం టీచర్."

ఆమె నాయన వైపు చూసింది. నాయన ఆకాశం వైపు చూశాడు. ఇంక చేసేదేం లేక ఆమె తన గింజలు లెక్కపెట్టి కలిపింది, పరీక్షలో పిల్లాడికి సున్నా వేసేటప్పుడు ఎంత బాధగా వేసేదో అంత బాధగా. నాలుగో ముక్క నాలుగు పడింది. ఐదోది పది. ఆమె తిప్పింది. కళావరు ఏడు.

మీరే న్యాయం చెప్పండి. ఇది మోసం కాదా? పోకర్ అంటే ఏమిటి? ఎదుటివాడు అబద్ధం ఆడతాడు, మనం కనిపెడతాం. ఎదుటివాడు అబద్ధమే ఆడకపోతే మనం ఏం కనిపెట్టాలి? అంత నోటుబుక్కు రాసుకున్నవాడు ఎక్కడికి పోవాలి? ఈ మాటలు ఆ పూట నిజంగా పైకే అన్నాను. "ముందే అబద్ధమాడనని చెప్పినా కదరా," అంది టీచర్. అవును, చెప్పింది. అది కూడా నేను అబద్ధమనుకున్నాను.

అక్కడితో ఆగిపోయినా ఇల్లు నిలబడేది. టీచర్ లేచి చీర దులుపుకొని, కొండల వైపు చూసి, నాయనతో అంది.

"పుల్లన్నా, ఆట ఆటే. మీ కుప్ప పెద్దది, నీ దగ్గర పట్టల్లేవు. నాకు మూడు పట్టలుండాయి. ముందు మీది కానీయండి, నాది మద్దేనం చూసుకుందాం."

నాయన మొహం వెలిగింది. నోరు తెరిచాడు. ఆయన కన్నా ముందు నేను తెరిచాను.

"వద్దు టీచర్. ఓడినాం అంటే ఓడినాం. మాకు ఎవురి దయా అక్కర్లేదు."

"దయ కాదురా, నిజంగానే చెప్తాండా."

"మీ వంతు మీరు తీసుకోండి టీచర్. మాట మాటే."

ఎందుకన్నాను? ఒళ్ళు మండిపోయి అన్నాను. రేపు ఊళ్ళో, గెలిచి కూడా వదిలేసింది పాపం అని ఆమెను మెచ్చుకుంటారని, నన్ను చూసి నవ్వుతారని అన్నాను. ఆ పొద్దున టీచర్ ముక్కలు వదిలేయమంటే వదల్లేదు. ఉన్న గింజలు కాపాడుకొమ్మని నాయన, ఖాసిమన్న చెప్పినా వదల్లేదు. నాయన పంట నిలబెట్టే మొదటి వంతును తెచ్చి చేతిలో పెడితే మాత్రం పెద్దమనిషిలా వదిలేశాను. నాయన నన్ను ఒకసారి చూసి తెరిచిన నోరు మూసుకున్నాడు. చదువుకున్న కొడుకు నలుగురిలో మాట అనేశాక దాన్ని కొట్టిపారేయడం ఆయనకు చేతకాలేదు. దానికి ఆయన మీద కూడా కోపం వచ్చింది నాకు, చూడండి నా న్యాయం.

పదకొండున్నరకు టీచర్ శనగలు బస్తాల్లో పడ్డాయి. మా కుప్ప మొదలైంది. నేను గంపలెత్తాను, వేగంగా, నా వేగం చూసి మబ్బు ఆగుతుందన్నట్టు. మూడు గంటలకు కుప్ప సగం ఉండగా మొదటి చినుకు నా మెడ మీద పడింది. పది లెక్కపెట్టేలోపల వాన దబదబా దిగింది. ఖాసిమన్న మిషన్ ఆపేశాడు. మేం ముగ్గురం పేక ఆడిన ఆ చినిగిన పట్టను కుప్ప మీదికి లాగుతున్నాం, అది ఒక పక్క కప్పితే ఇంకో పక్క తేలుతోంది.

అప్పుడు చేనుకడ్డంగా, నల్లరేగడి బురదలో, చీర కుచ్చిళ్ళు దోపుకొని, నెత్తిన పట్టలు పెట్టుకొని ఎస్తేరు టీచర్ పరిగెత్తుకుంటూ వచ్చింది. అరవై దాటిన మనిషి. చెప్పు ఒకటి బురదలో ఉండిపోయింది, వెనక్కి తిరిగి చూడలేదు. నలుగురం కలిసి కప్పాం. అప్పటికే కుప్ప తడిసిపోయింది. నాకు సిగ్గేసింది. వానలో ఏడ్చాను, వాన కాబట్టి ఎవరికీ తెలియలేదనుకుంటున్నాను.

తాడు కడుతూ ఆమె నన్ను అడిగింది. "మద్దిలేటీ, పొద్దున్నుంచి ఒకటి అడగాలని. నేను ఉండాదంటే నువ్వు లేదనుకుంటివి. లేదంటే ఉండాదనుకుంటివి. కాలేజీలో నిన్ను లెక్కలు చెప్పమని పెట్టుకునింది ఎవురురా?"

"మీ దగ్గర నేర్చుకున్నోడే కదా టీచర్," అన్నాడు నాయన తాడు ముడి వేస్తూ.

"ఎక్కాలు నేను నేర్పినా పుల్లన్నా. ఇది మాత్రం నేను నేర్పలేదు," అంది ఆమె.

నాయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అని బయటపడేవాణ్ణి. వాన తగ్గాక కుప్ప అడుగు నుంచి తడిసిన గింజలు గుప్పెడు తీసి నా చేతిలో పోసి, "ఎన్ని ఉండాయో లెక్కపెట్టు సారూ," అన్నాడు. నాయన నన్ను సారూ అనడం అదే మొదటిసారి.

వానకు ముందు నూర్చిన సగం అప్పులకే సరిపోయింది, తడిసిన గింజలు నల్లబడ్డాయి. చూడడానికి వచ్చిన ఇద్దరూ కూర్చోకుండానే వెళ్ళిపోయారు. ఆ ఏడాది మా ఇంట్లో పొద్దున గుగ్గిళ్ళు, మధ్యాహ్నం శనగ కూర, సాయంత్రం మళ్ళీ గుగ్గిళ్ళు. ఇవి చాలవన్నట్టు నాయన నెలకో మూట బస్సులో నంద్యాలకు పంపేవాడు, "సారుకు" అని పేరు రాసి. తెలుగు మాస్టారు, జువాలజీ మాస్టారు ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు, అది ఆట వల్ల కాదు, ఆ గుగ్గిళ్ళ వల్ల.

అందుకని పెద్దల ఎదుట, పంటల ఎదుట, ఆకాశంలో ఉన్న ఏ మబ్బు వింటే ఆ మబ్బు ఎదుట, మద్దిలేటి అనే నేను తడిసిన శనగ చేత్తో పట్టుకొని ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో చివరి వంతు నాకొచ్చినప్పుడు, ముందు మాట్లాడినవాళ్ళు చెప్పింది చెవులతో వింటాను, ఫోనుతో కాదు. నా చేతిలో నాలుగు రాజులున్నా సరే, ఎస్తేరు టీచర్ ఐదు గింజలు పెట్టి "ఉండాది" అందంటే, నోరెత్తకుండా ముక్కలు కింద పెడతాను. ఆమె గనక మళ్ళీ ఎప్పుడైనా "ముందు మీది కానీయండి" అందంటే, ఆ మాట పూర్తయ్యేలోపల మా కుప్పను మిషన్లోకి తోసేస్తాను, మర్యాద గంగలో కలిసినా సరే.